తిరగటి పై రాయిని ఎత్తుకుపోతున్న వాళ్ళు

ద్వితీయోపదేశకాండం 24వ అధ్యాయం 6వ వచనంలో ఒక చిన్న కట్టడ ఉంది. అప్పిచ్చినవాడు అప్పు తీసుకున్నవాడి ఇంట్లోంచి తిరగటిని గానీ, దాని పై రాయిని గానీ కుదవగా పట్టుకుపోకూడదు. పై రాయి ఒక్కటి పోయినా కింది రాయి ఇంట్లో ఉండీ లేనట్టే. పిండి ఉండదు, రొట్టె ఉండదు. రెండు రాళ్ళలో ఒక్కదాన్ని పట్టుకున్నవాడి చేతిలో ఆ ఇంటి బ్రతుకు మొత్తం ఉన్నట్టు లెక్క.

ఈ వచనం మీద ప్రసంగాలు విన్నాం. వడ్డీ వ్యాపారుల గురించి, బంగారం తాకట్టు గురించి చెప్పుకున్నాం. కానీ ఈ కట్టడ మాకు నిజంగా అర్థమైంది ఒక పాత కంప్యూటర్ ముందు కూర్చున్నప్పుడు. ప్రాసెసర్ బాగుంది, ర్యామ్ బాగుంది, హార్డ్ డిస్క్ బాగుంది, మానిటర్ బాగుంది. మదర్‌బోర్డు ఒక్కటే చచ్చిపోయింది. ఆ ఒక్కటీ దొరకదు. దొరకకుండా చేశారు.

బెంగళూరులో పౌరకార్మికుల కుటుంబాలు ఎక్కువగా ఉండే ఒక కాలనీలో మా యవనస్థులు సాయంత్రం పూట ట్యూషన్ గది నడుపుతున్నారు. పిల్లలు బడిలో కన్నడం చదువుతారు, ఇంట్లో తెలుగు మాట్లాడతారు, ఆరాధనలో తెలుగు పాటలు పాడతారు. తెలుగు అక్షరం చూసి చదవడం మాత్రం చాలామందికి రాదు. ఆ గదిలో తెలుగు టైపింగ్ నేర్పిస్తాం, పరీక్షల దరఖాస్తులు, స్కాలర్‌షిప్పు దరఖాస్తులు నింపిస్తాం. ఇవన్నీ జరిగేది ఒకే ఒక మంచి కంప్యూటర్ మీద. అది దానంగా వచ్చింది కాదు. పొడి చెత్త సేకరణ కేంద్రంలో పనిచేసే ఒక అన్న, ఏదో ఆఫీసు పారేసిన సరుకులోంచి ఏరి, కేంద్రం వాళ్ళకు డబ్బు కట్టి, సైకిల్ మీద పెట్టుకుని తెచ్చింది. 2012 నాటి మూడో తరం కోర్ ఐ5 ప్రాసెసర్, పేరున్న కంపెనీ డబ్బా. రెండేళ్ళు పనిచేసింది. స్కాలర్‌షిప్పు దరఖాస్తుల కాలం రాగానే ఆగిపోయింది.

ఆగిన యంత్రాన్ని మా పిల్లలు వెంటనే పారేయలేదు. ముందు గోడ ప్లగ్గు చూశారు. ఎస్.ఎం.పి.ఎస్.ను బోర్డు నుంచి విడదీసి విడిగా నడిపి, మల్టీమీటర్‌తో కొలిచారు. వోల్టేజీ సరిగ్గానే వస్తోంది. ర్యామ్ కాళ్ళను రబ్బరుతో తుడిచి, ఒక్కో ముక్క మార్చి చూశారు. సిఆర్2032 సెల్లు కొత్తది వేశారు. ప్రాసెసర్‌ను ఇంకో యంత్రంలో పెడితే నడిచింది. చివరికి బోర్డు మీద చూస్తే ప్రాసెసర్ పక్కన మూడు కెపాసిటర్లు ఉబ్బి, తలలు పగిలి ఉన్నాయి. వాటిని మార్చినా బోర్డు లేవలేదు. దోషి దొరికింది. ఇక బోర్డు మార్చడమే.

ఇక్కడి నుంచి మొదలైంది అసలు కథ.

ప్రాసెసర్‌కూ బోర్డుకూ కుదరాలంటే మొదట సాకెట్ కలవాలి. మాది 1155 కాళ్ళ సాకెట్, 2011లో వచ్చింది. 2013లో 1150 వచ్చింది, 2015లో 1151 వచ్చింది. చూడ్డానికి మూడూ అన్నదమ్ముల్లా ఉంటాయి. ఒకదాని ప్రాసెసర్ ఇంకోదాంట్లో కూర్చోదు. సాకెట్ కలిసినా సరిపోదు. చిప్‌సెట్ కలవాలి, బయోస్ ఆ ప్రాసెసర్‌ను గుర్తుపట్టాలి. ర్యామ్ డిడిఆర్3 అయితే డిడిఆర్3 గాడి ఉన్న బోర్డే కావాలి. ఆపైన బోర్డు కొలత డబ్బాలో పట్టాలి, మరల కన్నాలు కలవాలి, కరెంటు కనెక్టర్ కలవాలి. ఇది ఏడు తాళాల తలుపు. ఆరు తాళాలు తీసినా తలుపు తెరుచుకోదు.

వీటిలో కొన్ని తాళాలు సాంకేతిక అవసరం. అది మేము కాదనం. కరెంటు సరఫరా మారుతుంది, మెమరీ వేగం మారుతుంది, కొత్తదానికి కొత్త సాకెట్ కావాల్సి రావచ్చు. కానీ అన్ని తాళాలూ అవసరం కొద్దీ వేసినవేనా?

1995లో ఇంటెల్ స్వయంగా ఏటీఎక్స్ అనే కొలతను ప్రకటించింది. బోర్డు సైజు ఎంత, మరల కన్నాలు ఎక్కడ, వెనక కిటికీ ఎంత అని అందరికీ తెలిసేలా రాసి పెట్టింది. అందుకే ఒక కంపెనీ బోర్డు ఇంకో కంపెనీ డబ్బాలో పడుతుంది. ఇరవై నాలుగు పిన్నుల కరెంటు కనెక్టర్ కూడా అలా అందరిదీ అయింది. అంటే ఉమ్మడి కొలత సాధ్యమే. మరి మా డబ్బాలో ఏముంది? ఆ కంపెనీ కరెంటు కనెక్టర్ ఇరవై నాలుగు పిన్నులది కాదు, దానికి మాత్రమే చెందిన చిన్న కనెక్టర్. ముందు వైపు ఆన్ చేసే బటన్ తీగ వేరే రకం. ఫ్యాన్ తీగ వేరే రకం. వెనక కిటికీ డబ్బా రేకులోనే కోసి ఉంది, ఇంకో బోర్డు పెడితే దాని యూఎస్‌బి రంధ్రాలు రేకుకు తగులుతాయి. ఇందులో ఏది ప్రాసెసర్ వేగం కోసం? ఏది భద్రత కోసం? కరెంటు ఆదా కోసం అంటారు, ఖర్చు తగ్గడానికి అంటారు. సరే, ఒప్పుకుందాం. అయితే ఏ పిన్నులో ఏ వోల్టేజీ వస్తుందో ఆ పటాన్ని అందరికీ ఎందుకు ఇవ్వరు? పటం దాచిపెడితే కరెంటు ఏమీ ఆదా కాదు. ఆదా అయ్యేది ఒక్కటే, వాళ్ళ కొత్త డబ్బా అమ్మకం.

ఇంకో ఉదాహరణ అందరికీ తెలిసిందే. 2017లో ఇంటెల్ ఎనిమిదో తరం ప్రాసెసర్లు వచ్చాయి. సాకెట్ అదే 1151. బోర్డు మాత్రం కొత్తది కొనాల్సిందే, పాత బోర్డులో పనిచేయదన్నారు. కరెంటు అవసరాలు మారాయని కారణం చెప్పారు. కానీ కొందరు ఔత్సాహికులు బయోస్‌ను సవరించి, అవసరమైనచోట ఒకటి రెండు పిన్నులను సర్ది, పాత బోర్డుల మీదే ఆ ప్రాసెసర్లను నడిపి చూపించారు. ఇటు ఏఎండి వాళ్ళ ఏఎం4 సాకెట్ చూడండి. 2016లో వచ్చింది. దానికి సరిపోయే కొత్త ప్రాసెసర్లు 2024లో కూడా విడుదలయ్యాయి. బయోస్ అప్‌డేట్ చేసుకోవాలి, కొన్ని పరిమితులు ఉన్నాయి, నిజమే. అయినా ఎనిమిదేళ్ళు ఒకే పీట మీద కూర్చోబెట్టడం కుదిరింది. అక్కడ కుదిరినది ఇక్కడ ఎందుకు కుదరలేదో అడిగే హక్కు కొన్నవాడికి ఉంది.

మా పిల్లలు కంపెనీ సర్వీసు కేంద్రానికి ఫోను చేశారు. ఆ మోడల్‌కు విడిభాగాలు ఆపేశారట. కొత్త సిస్టమ్ మీద ఆఫర్ ఉందట. ఎస్.పి. రోడ్డుకు వెళ్ళారు. మొదటి నాలుగు కొట్లలో బోర్డు మీది నంబరు చూసి తల అడ్డంగా ఊపారు. ఐదో కొట్టులో ఒక అన్న డబ్బా తెరిచి చూసి, "ఇది కంపెనీ బోర్డు తమ్ముడూ. దీనికి దీని తోబుట్టువే కావాలి. లేదంటే డబ్బాతో సహా మార్చాలి" అన్నాడు. ఆ తర్వాత తనే దారి చూపించాడు. వాడిన హెచ్61 చిప్‌సెట్ బోర్డు ఒకటి తీశాడు. సాకెట్ అదే, ర్యామ్ అదే. పెట్టి చూస్తే తెర వెలగలేదు. మా వాళ్ళు నీరుగారిపోయారు. ఆయన నవ్వి, అదే సాకెట్‌కు చెందిన రెండో తరం ప్రాసెసర్ ఒకటి సొరుగులోంచి తీసి పెట్టాడు. తెర వెలిగింది. ఆ బోర్డు పాత బయోస్‌తో ఉంది, అది రెండో తరాన్నే ఎరుగును. బయోస్ అప్‌డేట్ చేసి, మళ్ళీ మా మూడో తరం ప్రాసెసర్ పెట్టాడు. ఈసారి గుర్తుపట్టింది. మామూలు ఎస్.ఎం.పి.ఎస్. ఒకటి, పాత మామూలు క్యాబినెట్ ఒకటి కూడా ఆయన దగ్గరే తీసుకున్నాం. అంతా కలిపి కొత్త కంప్యూటర్ ధరలో పదో వంతు కాలేదు. బాగున్న కంపెనీ డబ్బా, బాగున్న కంపెనీ ఎస్.ఎం.పి.ఎస్. మాత్రం ఇప్పుడు గది మూలన ఉన్నాయి. ఏ దోషమూ లేకుండా చెత్త అయిపోయాయి.

ఇంత చేసి ఇంటికి తెస్తే ఇంకో తాళం. దానితో వచ్చిన విండోస్ లైసెన్సు ఆ పాత బోర్డుకు కట్టి ఉంది. బోర్డు పోతే లైసెన్సూ పోయినట్టే. అదే 24వ అధ్యాయంలో 10, 11 వచనాలు ఏమంటున్నాయో చూడండి. అప్పిచ్చినవాడు కుదవ కోసం అప్పు తీసుకున్నవాడి ఇంట్లోకి చొరబడకూడదు, గుమ్మం బయటే నిలబడాలి. అప్పిచ్చినవాడికే ఆ హద్దు ఉంటే, పూర్తి ధర పుచ్చుకుని అమ్మేసినవాడికి మన ఇంట్లో ఏం పని? డబ్బు చేతిలో పడ్డాక కూడా గదిలోనే కూర్చుని, ఏ భాగం మార్చవచ్చో, ఏది మార్చకూడదో తనే తీర్పు చెబుతున్నాడు. మేము లినక్స్ వేసుకున్నాం. తెలుగు కీబోర్డు అందులోనూ ఉంది. విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 మా ప్రాసెసర్‌ను ఎలాగూ ఒప్పుకోదు, ఇంటెల్‌లో ఎనిమిదో తరం, ఆపైన ఉండాలంటుంది. ఆ ఒక్క నిర్ణయంతో ఎన్ని ఆఫీసుల్లోని మంచి యంత్రాలు చెత్తబండి ఎక్కుతున్నాయో మన పొడి చెత్త కేంద్రాల్లోని అక్కలను అడగండి.

ఇదంతా జరగడానికి మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాల్లో మా పిల్లలు దరఖాస్తుల కోసం నెట్ సెంటర్ల ముందు నిలబడ్డారు. ఒక్కో దరఖాస్తుకు వంద రూపాయలు. సర్వర్ పడిపోతే మర్నాడు మళ్ళీ రావాలి. ఇద్దరు తల్లులు రెండేసి రోజుల కూలి పోగొట్టుకున్నారు. ఒక పాప దరఖాస్తు గడువు దాటిపోయింది. ఆ పాప ఏడాది నష్టాన్ని ఏ కంపెనీ లెక్కలోనూ రాయరు.

"ఫోనుంది కదా, అందులో నింపుకోవచ్చు కదా" అని కొందరు పెద్దలు అన్నారు. ఆ పెద్దల పిల్లలు ఫోనులో చదువుకోవడం లేదు. పది సర్టిఫికెట్లు స్కాన్ చేసి సైజు తగ్గించి ఎక్కించడం, ఎక్సెల్ నేర్చుకోవడం, పేజీ తెలుగు టైపు చేయడం ఫోనులో చేసి చూపిస్తే వాళ్ళ మాట వింటాం. "పాతవి కరెంటు ఎక్కువ తాగుతాయి" అని ఇంకొందరు అన్నారు. కొంత నిజం. సాయంత్రం మూడు గంటలు నడిపి గోడ దగ్గర స్విచ్ తీసేస్తాం. కొత్త యంత్రం తయారీకి గనులు, నీరు, కరెంటు ఖర్చవుతాయి. మూడు గంటల వాడకానికి ఆ ఖర్చు మళ్ళీ పెట్టడం పొదుపు కాదు.

గనుల మాట వచ్చింది కాబట్టి ఇంకొంచెం చెప్పాలి. కోలార్ బంగారు గనుల్లోకి దిగినవాళ్ళు ఎవరు? తమిళ దళితులు, తెలుగు దళితులు. ఛాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్లకు పైగా లోతు. ఆ దుమ్ము పీల్చి ఊపిరితిత్తులు రాయిలా మారిన తాతలు మన సంఘాల్లో ఉండేవారు. 2001 ఫిబ్రవరి 28న ఆ గనులు మూతపడ్డాయి. బంగారం కోసం మన చేతులు కాలడం మాత్రం ఆగలేదు. మదర్‌బోర్డు కనెక్టర్ల మీద సన్నటి బంగారు పూత ఉంటుంది. ఢిల్లీలోని సీలంపూర్‌లో, మొరాదాబాద్‌లో, మన నగరాల గల్లీల్లో ఆ పూత కోసం బోర్డులను యాసిడ్‌లో ముంచుతున్నారు, రాగి కోసం తీగలు కాలుస్తున్నారు. పాత బోర్డుల టంకంలో సీసం ఉంటుంది. ఆ పొగ పీల్చేది ఎవరు? దళితులు, ముస్లిములు, వలస కూలీలు, వాళ్ళ పిల్లలు. బాగుచేయగల బోర్డును బాగుచేయనివ్వకుండా చెత్తలోకి తోసిన ప్రతిసారీ ఒక పేదవాడి చేతిని యాసిడ్ దగ్గరకు తోసినట్టే. అదే 24వ అధ్యాయం 14, 15 వచనాలు కూలివాడి కష్టం గురించి మాట్లాడాయి. అతని మొర దేవుని దాకా వెళ్తుందని హెచ్చరించాయి.

ప్రభుత్వం ఏం చేసింది? ఈ-వేస్ట్ నియమాలు 2011లో వచ్చాయి, 2016లో మారాయి, మళ్ళీ 2022లో మారి 2023 ఏప్రిల్ 1 నుంచి అమలవుతున్నాయి. ఇప్పటి నియమాల్లో నమోదు చేసుకోవాల్సినవాళ్ళు నాలుగు వర్గాలు: తయారీదారు, ఉత్పత్తిదారు, రీఫర్బిషర్, రీసైక్లర్. ఇంటింటా ఏరి తెచ్చే మనిషి ఆ నాలుగింటిలో లేడు. సైకిల్ మీద ఆ కంప్యూటర్ తెచ్చిన అన్న లేడు. రెండో తరం ప్రాసెసర్‌ను సొరుగులో దాచుకుని పదిమంది యంత్రాలకు ప్రాణం పోసే ఎస్.పి. రోడ్డు అన్న పనికీ అక్కడ పేరు లేదు. 2022 డిసెంబర్‌లో వినియోగదారుల శాఖ మరమ్మతు హక్కు పోర్టల్‌ను ప్రారంభించింది. మంచిదే. కానీ పోర్టల్ అంటే సమాచారం, చట్టం అంటే బాధ్యత. విడిభాగం ఇవ్వకపోతే ఏం చేస్తారన్న ప్రశ్నకు పోర్టల్ జవాబు చెప్పదు.

ఇప్పుడు మన ఇంటి మాట. బయటివాళ్ళను ఇంత అడిగినవాళ్ళం మనల్ని మనం అడగకపోతే అది వేషధారణ.

ఒక క్రైస్తవ సంస్థ మా గదికి ఐదు కంప్యూటర్లు దానం చేసింది. బ్యానరు కట్టారు, ప్రార్థన చేశారు, ఫోటోలు తీశారు. వాళ్ళు వెళ్ళాక తెరిచి చూస్తే నడిచేవి రెండు. ఒకదానిలో హార్డ్ డిస్క్ లేదు, ఒకదానిలో ర్యామ్ లేదు, ఒకదాని బోర్డు చచ్చిపోయి ఉంది. ఆ వార్షిక నివేదికలో మాత్రం ఐదు అని అచ్చయింది. మలాకీ గ్రంథం మొదటి అధ్యాయంలో కుంటిదాన్నీ గుడ్డిదాన్నీ బలిపీఠం మీదకు తెచ్చినవాళ్ళను దేవుడు ఏమని అడిగాడో చదువుకోండి. మీ అధికారికి ఇది ఇవ్వగలవా అన్నదే ఆ ప్రశ్న సారం. పనికిరానిది ఇవ్వడం తప్పు అని మేము అనడం లేదు. పనికిరాని బోర్డు కూడా మాకు పనికొస్తుంది, దాని ఫ్యాన్, దాని మరలు, దాని సెల్లు గూడు అన్నీ కావాలి. కానీ పనికిరానిదాన్ని పనికొచ్చేదని రాసి, ఆ పేరు మీద మెప్పు పొందడం దొంగ తూకం.

దానానికీ పరిగెకూ తేడా ఉంది. 24వ అధ్యాయం చివర పొలంలో మరిచిన పన, ఒలీవ చెట్టున మిగిలిన కాయ, ద్రాక్షతోటలో వదిలిన గెల పరదేశికి, తండ్రిలేనివాడికి, విధవరాలికి చెందుతాయని ఉంది. అది రైతు దయ కాదు, వాళ్ళ హక్కు. రూతు పరిగె ఏరుకుంది, బిచ్చం ఎత్తలేదు. ఈ కాలపు పొలాలు ఆఫీసులు, కాలేజీలు, ఆసుపత్రులు. వాళ్ళు పారేసే యంత్రాల్లోంచి పేదలు ఏరుకుంటున్నారు. ఆ ఏరుకున్న గింజను తిరగలిలో వేయనివ్వకుండా పై రాయిని ఎత్తుకుపోతున్నారన్నదే మా ఫిర్యాదు.

కాబట్టి అడుగుతున్నాం.

కంపెనీలను: ఒక మోడల్ అమ్మకం ఆపాక కనీసం పదేళ్ళు బోర్డులు, విడిభాగాలు దొరకాలి. సొంత కనెక్టర్ పెడితే దాని పిన్నుల పటం, బయోస్ ఫైళ్ళు, ఏ బోర్డు ఏ ప్రాసెసర్‌ను ఒప్పుకుంటుందన్న జాబితా ఎప్పటికీ ఉచితంగా అందుబాటులో ఉండాలి.

ప్రభుత్వాన్ని: మరమ్మతు హక్కును చట్టం చేయాలి. ప్రభుత్వ ఆఫీసులు పాత కంప్యూటర్లను గంపగుత్తగా వేలం వేసేముందు బడులకు, గ్రంథాలయాలకు, కాలనీ ట్యూషన్ గదులకు అవకాశం ఇవ్వాలి. ఏరేవాళ్ళనూ బాగుచేసేవాళ్ళనూ నియమాల్లో పేరు పెట్టి గుర్తించాలి.

సంఘాలను, సంస్థలను: యంత్రం ఇచ్చేటప్పుడు దాని మీద ఒక చీటీ అంటించండి. సాకెట్ ఏది, ర్యామ్ ఏ రకం, ఏది చచ్చిపోయింది, ఏది బాగుంది అన్నది నిజాయితీగా రాయండి. ప్రతి పాస్టరేట్‌లో ఒక బీరువా విడిభాగాలకు కేటాయించండి. బెంగళూరులో ఎస్.పి. రోడ్డు ఉంది, చెన్నైలో రిచీ స్ట్రీట్ ఉంది, ముంబైలో ల్యామింగ్టన్ రోడ్డు ఉంది. యానాం పిల్లలు ఒక చిన్న బోర్డు కోసం కాకినాడ పోవాలి, రాయగడ పిల్లలు ఇంకా దూరం పోవాలి. షోలాపూర్ సంఘం బీరువాలో ఉన్న 1155 బోర్డు బరంపురంలో కావాల్సి ఉండవచ్చు. ఆ జాబితా మనం ఒకరికొకరం చెప్పుకుంటే ఎన్నో గదుల్లో తెర వెలుగుతుంది.

యవనస్థులారా, మీకు ఒక మాట. బోర్డు కొనేముందు పాత బోర్డు ఫోటో తీసుకోండి. దాని మీది నంబరు, ప్రాసెసర్ మీది నంబరు రాసుకోండి. సాకెట్, చిప్‌సెట్, బయోస్ వెర్షన్, ర్యామ్ రకం, బోర్డు కొలత, కరెంటు కనెక్టర్ అన్నీ ఒక్కొక్కటిగా సరిచూడండి. కొట్టులోనే మీ ప్రాసెసర్ పెట్టి తెర వెలిగే దాకా డబ్బు ఇవ్వకండి. ఇది తెలియక చాలామంది మోసపోతున్నారు. మీకు నేర్పిన అన్నను గౌరవించండి, మీ తర్వాత వచ్చే తమ్ముడికి నేర్పండి.

మా గదిలో ఆ యంత్రం మళ్ళీ నడుస్తోంది. గడువు దాటిన పాప రోజూ వచ్చి దాని మీద తెలుగు టైపు చేస్తోంది. వచ్చే ఏడాది దరఖాస్తు తనే నింపుకుంటానంటోంది, కాలనీలో మిగతా పిల్లలవి కూడా నింపుతానంటోంది. ఆ పాప కోసమైనా పై రాయిని తిరగలి మీదికి తిరిగి రప్పించుకోవాలి. అడిగి రప్పించుకుందాం. అడిగితే ఇవ్వకపోతే, ఇచ్చేదాకా అడుగుదాం.